చావుపాట మీద విల్లాలు

అనురాధకి చిన్నప్పటినుంచీ రోత ఎక్కువ. ఒకరు తాగిన గ్లాసు ముట్టుకుంటే చేయి కడుక్కునేది. పెళ్లి భోజనాల్లో పక్కవాళ్లు పెరుగన్నం జుర్రుతుంటే సగం విస్తట్లోంచి లేచిపోయేది. రాజమండ్రిలో ఆమెకు వీణ నేర్పిన మాస్టారు, "దీనికి చెవికన్నా ముందు ముక్కు పనిచేస్తుంది" అని నవ్వేవారు. భర్త నరసింహ ఉద్యోగం వెంట టెక్సస్ వచ్చి, కాపెల్‌లో ఇల్లు కొనుక్కుని, నలభై ఏడో ఏట పడ్డాక కూడా ఆ గుణం పోలేదు. పోకపోగా వస్తువుల మీంచి మనుషుల మీదికీ, మనుషుల మీంచి పాటల మీదికీ పాకింది.

పాటల మీద రోతకి కారణాలు లేకపోలేదు. ఇన్సూరెన్స్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం పోయాక ఆమె ఇంట్లోనే వీణ, గాత్రం క్లాసులు మొదలుపెట్టింది. వచ్చే తల్లుల్లో సగంమంది మొదటిరోజే, "కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవడానికి సర్టిఫికెట్ ఇస్తారా టీచర్ గారూ?" అని అడిగేవారు. ఉగాదికీ దీపావళికీ జరిగే ఫంక్షన్లలో ఫ్యూజన్ అని ఒకటి ఉండేది. ఎవరో కొట్టిన డ్రమ్ముల లూప్‌ని లాప్‌టాప్‌లో తిప్పుతూ, దాని మీద కీర్తన పల్లవి అతికించి, మధ్యలో సినిమా పాట చరణం దూర్చి, చివర్లో అందరూ చేతులు పైకెత్తి ఊగడం. జనం ఈలలు వేసేవారు. అనురాధ లేచి బయటికి నడిచేది. "పాకంలో ముంచిన పాట" అనేది దాన్ని. అలాంటి మనిషి తానే ఒక ఫ్యూజన్ కట్టడానికి కూర్చుంటుందని నరసింహ కూడా ఊహించలేదు.

అది ఎయిర్‌పోర్ట్‌లో మొదలైంది. జార్జియాలో, కమ్మింగ్‌లో ఒక కచేరీకి వెళ్తూ ఆమె వీణపెట్టెను కౌంటర్ దగ్గర పెట్టింది. కౌంటర్ వెనకున్నావిడ పొడవాటి, నిండైన మనిషి. బ్యాడ్జి మీద మేలే అని పేరుంది. పెట్టె తెరిచి చూపించమంది. ఇంకేం, చేతులు పెట్టి తడుముతుంది అనుకుంటూ అనురాధ మొహం చిట్లించుకునే తెరిచింది. మేలే చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూసింది.

"ఒళ్లో పెట్టుకుని వాయిస్తారా దీన్ని? మా నాన్న గిటార్‌ని ఇలాగే ఒళ్లో పడుకోబెట్టి, ఇనప కడ్డీ తీగల మీద జారుస్తూ వాయించేవాడు" అంది. పెట్టెకు అన్నివైపులా జాగ్రత్త స్టికర్లు తనే అంటించి, సామాన్ల బెల్టు మీద వేయకుండా మనిషి చేతికి అప్పగించింది. "ఏ ఆదివారమైనా మా చర్చికి రండి. మావాళ్లు దీన్ని వినాలి."

మేలేవాళ్లది పసిఫిక్ సముద్రం నడుమనున్న టోంగా దీవులు. ఎయిర్‌పోర్ట్ ఉద్యోగాలకని వచ్చి, దాన్ని ఆనుకునే ఉన్న యూలెస్ ఊళ్లో రెండు మూడు తరాలుగా పాతుకుపోయినవాళ్లు. కాపెల్‌లో ఇన్నేళ్లున్నా అనురాధకి ఆ సంగతే తెలియదు. తెలిశాక వెళ్లకుండా ఉండలేకపోయింది.

చర్చి వెనక హాల్లో అడుగుపెట్టగానే పందిమాంసం కాలుతున్న వాసన గుప్పుమని కొట్టింది. అనురాధ చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. గోడకున్న తెల్లబోర్డు నిండా అంకెలు, మూడునుంచి తొమ్మిదిదాకా. పిల్లలకి లెక్కలు చెబుతున్నారు కాబోలనుకుంది. "లెక్కలు కాదు, అవే మా స్వరాలు. మాకు పాట మూడుతో మొదలవుతుంది" అంది మేలే. వచ్చే వాంతిని మింగుకుంటూ, ఇంకో ఐదు నిమిషాలుండి ఏదో వంకతో బయటపడదామని అనురాధ గుమ్మం పక్కన కుర్చీ వెతుక్కుంది. అప్పుడు వాళ్లు పాడటం మొదలుపెట్టారు.

వాద్యం లేదు. మైక్ లేదు. మగవాళ్ల గొంతులు నేల కిందినుంచి వచ్చినట్టు వచ్చాయి. వాటి మీద ఆడవాళ్లు గొంతు బిగించి, ఏ నాజూకూ లేకుండా, ఎదుటివాళ్లకి నచ్చాలన్న తాపత్రయం ఏమాత్రం లేకుండా పాడారు. ఆ పాటలో చుక్క పాకం లేదు. అనురాధ కొంగు ముక్కు మీంచి జారిపోయింది. పాట ఆగగానే వాసన మళ్లీ తెలిసింది. బయటికి పరుగెత్తి పార్కింగ్ లాట్‌లో నిజంగానే కక్కుకుంది. మేలే పుచ్చకాయ, కొబ్బరిపాలు కలిపిన చల్లటి పానీయం తెచ్చి ఇచ్చి, "మా వంట పడలేదా, పాట పడలేదా?" అని అడిగింది.

"వంటే" అంది అనురాధ.

ఆమె తర్వాతి ఆదివారం కూడా వెళ్లింది.

ఆ ఏడాదంతా ఆమె కట్టింది వీణకూ, తన దగ్గర గాత్రం నేర్చుకునే పిల్లలకూ, యూలెస్ కోరస్‌కూ కలిపి ఒక కృతి. కట్టడం ఒక పట్టాన సాగలేదు. వాళ్ల పాటలో నాలుగు గొంతులు ఒకేసారి నాలుగు స్వరాల మీద నిలబడతాయి. మన గాంధారం నిలబడదు, ఊగుతుంది. శంకరాభరణంలో ఆమె గాంధారాన్ని కంపింపజేసేసరికి కోరస్ కట్టిన గోడ బీటలు వారేది. మేలే చేయెత్తి ఆపేది.

"నీ తీగ ఇంకా ఏడుస్తోంది అనూ. మేం అప్పటికే ఏడ్చి, మొహం కడుక్కుని నిలబడ్డాం."

గమకం తీసేయాలంటే అనురాధకి చేతివేలు కోసుకున్నట్టే ఉండేది. తీసేసి చూసింది. పాట శవంలా పడుకుంది. మళ్లీ పెట్టింది. చివరికి వాళ్లు నిలబడ్డంతసేపు వీణను ఊరుకోబెట్టి, వాళ్లు ఊపిరి తీసుకునే సందుల్లో మాత్రమే తీగను కదిలించింది. అప్పుడు అతికింది. ఆ సాయంత్రం అన్నిటికన్నా కింది గొంతు, బేస్, పాడే పెద్దాయన ఒకాయన బల్ల మీద అరిచేత్తో చరిచాడు. ఆయన మెచ్చుకోలు అదే.

కృతి మధ్యభాగం కోసం అనురాధ వెతుకుతుండగానే ఏప్రిల్‌లో మేలే వాళ్లమ్మ పోయింది. ఆ రాత్రి శవం దగ్గర చేసే జాగారంలో అనురాధ కూడా కూర్చుంది. మేలే నల్లబట్టల మీద పెద్ద ముతక చాప నడుముకి చుట్టుకుంది. పెద్దల పట్లా పోయినవాళ్ల పట్లా మర్యాద అంటే వాళ్లకి ఆ చాపే. ఎప్పుడో మేలే ముత్తాత కట్టిన చావుపాటని వాళ్ల పిన్ని ఎత్తుకుంది. నీ పడవ చూపుమేర దాటిపోయినా మేం ఒడ్డు వదలం అని దాని అర్థం. ఒకచోట పిన్ని గొంతు పట్టేసి తెగిపోయింది. మిగతావాళ్లు ఆ తెగినచోటు ఖాళీగా ఉంచి ఆమె కోసం ఆగారు. నెల తిరిగాక మేలే తనంతట తానే, "ఆ పాట నీ కృతిలో పెట్టు. అమ్మకి నీ వీణ ఇష్టం" అంది. రిహార్సల్‌లో పిన్నే దాన్ని మళ్లీ ఎత్తుకుంది. అదేచోట మళ్లీ గొంతు తెగింది. అనురాధ ఫోన్ ఆ రిహార్సల్ అంతా రికార్డు చేసింది.

డాలస్‌లో జరిగే తెలుగువాళ్ల కన్వెన్షన్‌కి ఆ ఏడు కల్చరల్ కమిటీ పెద్ద పరంధామయ్య. ఎవరింట్లో ఏం జరిగినా కుర్చీలు మోయడానికైనా ముందుండే మనిషి. అనురాధ కృతి సంగతి విని తనే ఫోన్ చేశాడు.

"ఐలాండ్ మ్యూజిక్ అంట కదమ్మా! మెయిన్ స్టేజ్ ఇస్తా, ప్రైమ్ టైమ్. ఒక శాంపిల్ వాట్సాప్ చెయ్యి, సౌండ్‌వాళ్లకి కావాలంట."

అనురాధ ఆ రిహార్సల్ రికార్డింగే పంపింది. పంపేటప్పుడు ఆమె మనసులో ఉన్నదొక్కటే: ఎట్టకేలకి ఒకరు చెవిపెట్టి వింటారు.

కన్వెన్షన్ రోజు నరసింహ వీణపెట్టె భుజాన వేసుకుని ముందు నడుస్తుంటే ఆమె వెనక వెళ్లింది. భోజనాల హాలు దాటాలి. బిర్యానీ పొగ, చెమట, సెంటు కలిసి ముద్దయిన గాలి. కార్పెట్ మీద గులాబ్‌జామ్ పాకం కారి, చెప్పు అడుగు తీసినప్పుడల్లా టప్పుమని అంటుకుంటోంది. నిండు ప్లేట్లు చెత్తడబ్బాల మీదనుంచి పొర్లి నేలమీద పడుతున్నాయి. అప్పుడు వినపడింది. మొదట తన చెవే తనని మోసం చేస్తోందనుకుంది. తలెత్తి చూసింది.

గోడంత ఎల్‌ఈడీ తెర. తెరనిండా నీలంరంగు నీళ్లు, కొబ్బరిచెట్లు, గడ్డి లంగాలు కట్టుకుని నడుము తిప్పుతున్న బొమ్మ అమ్మాయిలు. వెనక డ్రమ్ముల లూప్. ఆ లూప్ మీద పిన్ని గొంతు. సరిగ్గా గొంతు తెగినచోట ఫెళ్లుమని ఒక మెరుపు మెరిసి, ఒక కుటుంబం చేతిలో ఇంటి తాళాలు పడ్డాయి. ఆ పైన తెలుగులో అక్షరాలు: 'నీలద్వీపం విల్లాస్. సముద్రం లేని హైదరాబాద్‌లో మీ సొంత దీవి. వేవ్ పూల్, క్లబ్‌హౌస్, నూటికి నూరుపాళ్లు వాస్తు. ప్రీ లాంచ్ ఆఫర్.' మళ్లీ మొదటినుంచి. దాని కింద జనం లైన్లో నిలబడి రైతా వేయించుకుంటున్నారు. ఒకాయన ఆ డ్రమ్ముల దరువుకి బొటనవేలు ఆడిస్తున్నాడు.

"నీదేనా అది?" అన్నాడు నరసింహ. అనురాధ తన కుడిచేతిని చూసుకుంది. ఫోన్ పట్టుకున్న చెయ్యి. దాన్ని చీరకి తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

స్టేజ్ వెనక వలంటీర్ ఒకడు పార్టీ సామాన్ల షాపులోంచి తెచ్చిన ప్లాస్టిక్ గడ్డి లంగాలు, రంగు కాగితాల దండలు బల్లమీద గుట్టపోశాడు. పరంధామయ్య చెమటలు కక్కుతూ, వాకీటాకీ చంకలో ఇరికించుకుని వచ్చాడు.

"వచ్చావామ్మా! మీవాళ్లకి కాస్ట్యూమ్స్ రెడీ. వాళ్లు నల్లబట్టల్లో వస్తారని ఎవరో చెప్పారు. శుభమా అని కన్వెన్షన్ చేసుకుంటుంటే నలుపేందమ్మా? ఆ చాపలు కూడా వద్దు, కాళ్లు తుడుచుకునే పట్టాల్లా ఉంటాయి."

"ఆ తెర మీద పాట ఎవరిచ్చారండీ?"

"నేనే ఇచ్చా. ఫ్రీ పబ్లిసిటీ కదమ్మా! పొద్దుట్నుంచీ అందరూ ఎవరీ మ్యూజిక్ ఎవరీ మ్యూజిక్ అని అడుగుతున్నారు."

"అది చావుపాట పరంధామయ్య గారూ. వాళ్లమ్మ పోతే పాడారు."

"అబ్బే, అట్లా లేదే? హుషారుగానే ఉంది."

"మీరు మొత్తం విన్నారా?"

"టైమెక్కడిదమ్మా నాకు? మా అల్లుడు విన్నాడు." ఆయన గొంతు తగ్గించాడు. "నీకర్థం కావట్లా. ఈ నీలద్వీపంవాళ్లు ప్లాటినమ్ స్పాన్సర్. ఐలాండ్ థీమ్‌తో ఒక ఐటెమ్ కావాలన్నారు. అందుకే గదా నీకు మెయిన్ స్టేజ్ ఇచ్చింది."

అనురాధ ఆయన ముక్కుకొస మీద వేలాడుతున్న చెమటచుక్క ఎప్పుడు పడుతుందా అని చూస్తూ నిలబడింది.

చర్చి వ్యాన్లు వచ్చాయి. మేలే ముందు, వెనక కోరస్ అంతా నల్లబట్టల్లో, నడుముకి చాపలతో, భోజనాల హాల్లోంచే నడిచి వచ్చారు. వాళ్లు తెర కింద ఆగిపోవడం అనురాధ దూరంనుంచి చూసింది. పరుగున వెళ్లింది. పిన్ని తన గొంతుని తనే గుర్తుపట్టి, పక్కనున్నామె భుజం పట్టుకుంది.

"ఆ రాసింది ఏమిటి?" అంది మేలే, తెరనుంచి కళ్లు తిప్పకుండా.

పలుచన చేసి చెప్పొచ్చు. పండగ శుభాకాంక్షలు అని చెప్పేసినా వాళ్లకి తెలియదు. అనురాధ ఉన్నదున్నట్టు ఒక్కొక్క ముక్కా ఇంగ్లిష్‌లో చెప్పింది. ఇళ్లు అమ్ముతున్నారని, దీవి అంటున్నారని, త్వరపడమంటున్నారని.

బేస్ పాడే పెద్దాయన అడిగాడు: "అక్కడ సముద్రం ఉందా?"

"లేదు."

"మరి దీవి ఎక్కడిది?"

ఎవరూ నవ్వలేదు. మేలే అంది: "అది ఆపించు. ఆపితే పాడతాం. మాటిచ్చాం కాబట్టి పాడతాం."

అనురాధ మళ్లీ పరంధామయ్య దగ్గరికి పరుగెత్తింది. ఆయన ఎవరికో ఫోన్ చేశాడు, వాళ్లు ఇంకెవరికో చేశారు. స్పాన్సర్ తెర ఆపడం కుదరదు, కావాలంటే పాట నడుస్తున్నంతసేపు స్టేజ్ మీద లోగో చిన్నగా వేస్తాం అన్నారు. ఆమె తిరిగి వచ్చేసరికి మేలే ఆ మొహంలోనే జవాబు చదువుకుని, వెనక్కి తిరిగి టోంగా భాషలో ఒక మాటంది. అందరూ వచ్చినదారినే వెళ్లిపోయారు. ఎవరూ అనురాధ వైపు చూడలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

ప్రోగ్రామ్ లేదని చెప్పగానే పాడటానికి పట్టులంగాలు కట్టుకుని వచ్చిన ఆమె శిష్యుల తల్లులు మూగారు. అందరికన్నా గట్టిగా రేణు అరిచింది. "మా అవని ఆరునెలలు ప్రాక్టీస్ చేసింది! ఇండియాలో మా అత్తగారువాళ్లు లైవ్ పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లు లేకపోతే ఏం, ట్రాక్ ఉంది కదా, దాని మీద పిల్లలు పాడలేరా?"

"ఏ ట్రాక్?"

"అదే, ఆ స్క్రీన్‌లో వస్తోంది కదా. బాగుంది కదా."

నరసింహ ఆమె చెవి దగ్గరకొచ్చి, "ఒక్కసారికి ఎట్లనో కానిచ్చెయ్యి అనూ. తర్వాత కొట్లాడుదువు" అన్నాడు. ఖమ్మంవాడు, తగవంటే పడదు. అనురాధ అతని మొహం చూసింది. అందులో చెడ్డతనం లేదు, అలసట ఉంది. అందుకే ఇంకా అసహ్యం వేసింది. "వీణ కార్లో పెట్టు" అంది. అతను ఇంకో మాట అనకుండా పెట్టెత్తుకున్నాడు.

తర్వాతి వారాల్లో క్లాసులకి సగంమంది పిల్లలు మానేశారు. మిగతా సగంమంది తల్లిదండ్రులు, "యూట్యూబ్‌లో మీ విల్లా మ్యూజిక్ విన్నాం, సూపర్ టీచర్ గారూ" అని పువ్వుల బొమ్మలు పంపారు. ఆ పువ్వులు చూసినప్పుడల్లా అనురాధకి నోట్లో నీళ్లూరేవి, కక్కు వచ్చే ముందు ఊరే నీళ్లు. తెగించి హైదరాబాద్‌లో ఆ కంపెనీకి ఫోన్ చేసింది. మార్కెటింగ్‌లో అఖిల్ అనే కుర్రాడు ఎత్తాడు. మహా మర్యాదస్తుడు.

"కాపీరైట్ రిజిస్టర్ అయిందా మేడమ్? అవలేదా? కమిటీవాళ్లే మాకు ఫైల్ ఇచ్చారు మేడమ్. అయినా మీ సెంటిమెంట్ మేం రెస్పెక్ట్ చేస్తాం. మీరు ఎన్నారై కదా మేడమ్, మీకు స్పెషల్‌గా లేక్ ఫేసింగ్ బ్లాక్‌లో..."

ఆమె ఫోన్ పెట్టేసింది. కొన్నాళ్లకి అతనే మెసేజ్ పెట్టాడు. ఇష్యూ సాల్వ్ అయింది మేడమ్, మనుషుల వాయిస్ మొత్తం తీసేశాం, ఏఐతో చేయించాం. కింద కొత్త వీడియో. వినకూడదనుకుంటూనే వింది. బాణీ అదే. మాటలు టోంగా భాషవి కావు, ఏ భాషవీ కావు. పిన్ని గొంతు తెగినచోట ఆ యంత్రం గొంతు కూడా తెగింది. ఏడుపుని కూడా నేర్చుకుంది. అనురాధ ఫోన్‌ని సింక్ పక్కన బోర్లించి, మోచేతులదాకా సబ్బు రాసుకుని కడుక్కుంది.

అదే వారం యూలెస్ వెళ్లింది. మేలే చర్చి వంటగదిలో పెద్ద గిన్నెలు తోముతోంది.

"ఆ పాట ఇక నీకివ్వం" అంది తిరగకుండానే. "మావాళ్ల కోపం నీ మీద కాదు, నీ ఫోన్ మీద. కానీ ఫోన్ నీ చేతిలోనే కదా ఉంది."

"అడగడానికి రాలేదు. చెప్పడానికి వచ్చాను." యంత్రం సంగతి చెప్పింది.

మేలే తోముతున్న చెయ్యి ఆగింది. కుళాయి కట్టేసి, తడిచేతులతోనే స్టూలు మీద కూర్చుంది. "పిన్నికి చెప్పకు" అంది. మళ్లీ కుళాయి తిప్పుతూ, "ఈ గిన్నెలు తుడుస్తావా, నిలబడే ఉంటావా?" అంది. జిడ్డు వదలని ఆ పంది గిన్నెల్ని అనురాధ తుడిచింది. పక్కకి తిరిగి ఓకరిస్తూ, మళ్లీ తుడిచింది. వెళ్లబోయేముందు మేలే అడిగింది: "ఆడవాళ్ల కింది గొంతు వరస, ఆల్టోలో ఇద్దరు తగ్గారు. అంకెలు చదవడం వచ్చు కదా నీకు?"

ఏడాదిపైగా అనురాధ ఆ వరసలో నిలబడి పాడింది. ఏమీ కట్టలేదు. పాత కృతి కాగితాలు చింపేసింది. తర్వాత ఒక శీతాకాలంలో, ఎవరి చావుపాటా తీసుకోకుండా, మొదటి స్వరంనుంచి తనదే అయిన కొత్తది ఒకటి కట్టి మేలే ముందు పెట్టింది. ఒకవైపు సరిగమలు, ఒకవైపు అంకెలు. మేలే చదివి, రెండుచోట్ల కొట్టేసి, సరే అంది.

మార్చిలో ఒక ఆదివారం హాల్లోనే పాడారు. మేలే గుమ్మం దగ్గర వెదురుబుట్ట పెట్టి, వచ్చినవాళ్ల ఫోన్లన్నీ అందులో వేయించింది. మూడోభాగంలో వీణ ఒక తాళావర్తనం ముందుకి దూకి, అంతా కకావికలైంది. బేస్ పెద్దాయన పకపకా నవ్వాడు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు. రెండోసారి నిలబడింది. గొప్పగా లేదు, కానీ అబద్ధంగా లేదు. పిన్ని అనురాధ చెంప మీద అరచెయ్యి పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

నరసింహ తనతో తెచ్చుకున్న ఆఫీసు స్నేహితుడొకతను బుట్టలోంచి ఫోన్ తీసుకుని వచ్చాడు.

"వైబ్ అదిరిందండీ! వచ్చేనెల మా గృహప్రవేశం. ఎంట్రీ దగ్గర ఇది పెడితే భలే ఉంటుంది. రికార్డింగ్ పంపుతారా?"

అతని ఉత్సాహం చూసి అనురాధకి పాత వికారమే గొంతుదాకా వచ్చింది.

"రికార్డింగ్ లేదండీ."

"అయ్యో! మరి మళ్లీ వినాలంటే?"

"ఆదివారం ఇక్కడికి రావాలి."

"ఇంత దూరమా?" అన్నాడతను.

ఆల్టో ఆడవాళ్లు అప్పటికే కుర్చీలు మడుస్తున్నారు. అనురాధ వెళ్లి రెండో వరసనుంచి మొదలుపెట్టింది.